పెన్నాలో ఇసుక రీచ్ వస్తే ఒడ్డు పొలాలకు ఏమవుతుంది?

మీ ఊరికి ఆనుకుని పెన్నాలో ఇసుక రీచ్ ప్రతిపాదించారని, "తవ్వేది ఏటి మధ్యలో కదా, ఒడ్డున ఉన్న పొలాలకు నష్టమేమిటి" అని కొందరు వాదిస్తున్నారని, ప్రజాభిప్రాయ సేకరణలో ఏం అడగాలో తోచడం లేదని మీరు రాశారు. సోమశిల దిగువన ఇదే ఏటి ఒడ్డున, రీచ్ నడిచిన ఊళ్లో సాగు చేసినవాణ్ని కనుక, నేను చూసినది చూసినట్టు చెబుతాను. మా దగ్గర నష్టం మొదట బయటపడింది తవ్విన చోట కాదు, ఒడ్డున ఉన్న ఫిల్టర్ పాయింట్లలో, అంటే ఇసుక పొరలోకి గొట్టం దించి నీరు తోడే లోతు తక్కువ బోర్లలో.

ఏటిలోని ఇసుకను కేవలం సరుకుగా చూస్తే ఈ సంగతి అర్థం కాదు. నీటితో నిండిన ముతక ఇసుక ఒక ఘనమీటరు నుండి సుమారు 200 లీటర్ల నీరు ఊరుతుంది. ఆ లెక్కన 5 హెక్టార్ల రీచ్‌లో ఒక్క మీటరు లోతు తీసేస్తే, దాదాపు కోటి లీటర్లు నిలిచే చోటు పోయినట్టే. నీటిమట్టానికి పైన ఉన్న పొడి ఇసుకే తీస్తామని మీకు చెబుతారు. కానీ వరద వచ్చినప్పుడు, పైనుంచి నీరు వదిలినప్పుడు నిండేది ఆ పొరే. ఎండాకాలంలో కింది నీరు ఆవిరైపోకుండా కప్పి ఉంచేదీ ఆ పొరే. అది పోయాక ఏటిలో నీటిమట్టం దిగుతుంది, దానితో పాటు ఒడ్డు బావుల మట్టమూ దిగుతుంది. మా ఊళ్లో రీచ్ మొదలైన కొంతకాలానికి వేసవిలో మోటారు వేస్తే గొట్టం కాసేపు నీళ్లు, కాసేపు గాలి కక్కేది; నీళ్లలో సన్నని ఇసుక కూడా వచ్చేది. ఉన్నవాళ్లు లోతుగా బోర్లు వేయించుకున్నారు. లేనివాళ్లు రెండో పంట మానుకున్నారు.

రెండో నష్టం మెల్లగా వస్తుంది. తవ్విన గుంటకు ఎగువ అంచు దగ్గర వాలు ఎక్కువవుతుంది కాబట్టి, ప్రవాహం అక్కడి నుండి పైవైపు ఇసుకను కోసుకుంటూ పోతుంది. మోసుకొచ్చిన ఇసుకను గుంటలో వదిలేసిన నీరు దిగువకు వెళ్లి, ఆ లోటు తీర్చుకోవడానికి అక్కడి అడుగునూ గట్టునూ కోస్తుంది. అందుకే పటంలో గీసిన హద్దుల లోపల మాత్రమే ప్రభావం ఉంటుందనే మాటను నేను ఒప్పుకోను. మా రీచ్‌కు దిగువన, ఎవరూ గడ్డపార వేయని చోట, తాటిచెట్ల వేళ్లు బయటపడేంతగా గట్టు విరిగిపడింది. వరద వస్తే ఇసుక మళ్లీ చేరుతుందిలే అనే ధీమా కూడా ఇక్కడ చెల్లదు. పైన 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉండగా, ఎగువ నుండి కొట్టుకొచ్చే ముతక ఇసుక చాలావరకు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి తవ్వినంత ఇసుక ఏటా తిరిగి చేరుతుందా అన్నదే అసలు ప్రశ్న. కేంద్రం 2020లో ఇచ్చిన ఇసుక తవ్వకాల మార్గదర్శకాలు కూడా ఈ పునఃపూరణ అధ్యయనం కావాలంటున్నాయి. ఆ నివేదిక ఏదని అడగండి.

టిప్పర్ల దుమ్ము నిమ్మతోటల ఆకుల మీద పేరుకోవడం, ఊరి రోడ్డు గుంతలు పడడం, మడుగుల్లో చేపలు తగ్గడం కూడా ఉంటాయి. అందరూ వీటి గురించే మాట్లాడతారు కనుక, మీరు నీటి గురించి మాట్లాడితే మేలు.

వంతెనలు, ఆనకట్టల వంటి నిర్మాణాలకూ, సాగునీటి, తాగునీటి బావులకూ 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చేసిన నిబంధనలు చెబుతున్నాయి. ప్రతిపాదిత హద్దు రాయి నుండి మీ ఫిల్టర్ పాయింట్ల దాకా, పంచాయతీ మంచినీటి బావి దాకా ఎంత దూరమో ముందే కొలిచి పెట్టుకోండి. అంతకన్నా ముఖ్యం, ఇప్పటి నీటిమట్టాలను నమోదు చేయడం. టేపు చివర చిన్న బరువు కట్టి, ఉదయం మోటార్లు వేయకముందే, ఎంపిక చేసిన కొన్ని బావుల్లో నెలకొకసారి కొలిచి, తేదీతో పుస్తకంలో రాసి, బావి యజమాని చేత, సర్పంచి చేత సంతకం చేయించండి. గట్టు అంచు నుండి కదలని గుర్తు ఒకదాని దాకా దూరాన్ని కూడా కొలవండి. మా దగ్గర ఇలాంటి పుస్తకం లేకపోవడం వల్ల, వర్షాలు తక్కువై బావులు ఎండాయని కాంట్రాక్టరు అంటే కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేకపోయింది.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఆ ప్రభావ అంచనా నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. కలెక్టరేట్‌లోనూ జిల్లా పరిషత్ కార్యాలయంలోనూ దాన్ని చూడవచ్చు. మీ కొలతల నకలు జతచేసి అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. సభ ముగిసే ముందు చర్చల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాకే దానిపై సంతకం జరగాలి కనుక, అప్పటిదాకా లేవకండి. బావుల కొలతల ప్రస్తావన అందులో లేకపోతే అక్కడికక్కడే అడిగి రాయించండి.