ఆదివారం క్లాసు మంగళవారానికి ఎలా మారింది

ప్రశ్న: ఉచితంగా కోచింగ్ ఇస్తే పిల్లలు విలువ ఇవ్వరు, నెలకు వంద రూపాయలైనా తీసుకోవాలి అంటున్నారు. పేద పిల్లలకు చెప్పిన అనుభవం ఉన్నవారు ఏమంటారు?

ఈ మాట నాతో అన్నవాళ్లలో ఒక్కరు కూడా పేద పిల్లలకు నెల రోజులు పాఠం చెప్పినవారు కారు. ఆ సంగతి ముందే చెప్పేసి మొదలుపెడతాను.

తిరుపతిలో మున్సిపల్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగానే కొర్లగుంటలో మా మేడ మీది రేకుల షెడ్డులో, ఎనిమిదో తరగతి పిల్లలకు, పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పటికీ చెప్తున్నాను. నెగ్గితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏటా 12,000 రూపాయలు. లాడ్జీలో దుప్పట్లు ఉతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

వంద రూపాయల సలహాను నేనూ నమ్మాను. ఒక ఏడాది యాభై రూపాయలు డిపాజిట్ పెట్టాను, క్రమం తప్పకుండా వస్తే చివర్లో తిరిగి ఇచ్చేస్తానన్నాను. ముప్పై మందిలో ఆరుగురు ఆ వారం నుంచే రావడం మానేశారు. అందులో ఇద్దరు తెలివైనవాళ్లు. కట్టినవాళ్లలో కొందరు, రెండు రోజులు రాకపోతే ఎలాగూ డబ్బు పోయినట్టే కదా అని మూడో రోజు కూడా రాలేదు. ఒక్క ఏడాది అనుభవమే. అయినా నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక ఎందుకు రారు అన్నదానికి ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. అది 2018. అధికమాసం వచ్చిన ఏడు కాబట్టి కొండ మీద రెండు బ్రహ్మోత్సవాలు, సెప్టెంబర్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. ఊరి బయటివాళ్లకు అది రెండుసార్లు పండగ. నాకైతే సగం క్లాసు రెండుసార్లు మాయం. గరుడసేవ రోజున జనంలో నీళ్ల సీసాలు, బొమ్మలు అమ్మితే ఒక్క రోజులో వచ్చే డబ్బు ఆ పిల్లల ఇళ్లలో వారం రోజుల కూలి. వాళ్లను ఏమని తిట్టేది?

ఈ పిల్లవాడు మాత్రం బ్రహ్మోత్సవాలతో పనిలేకుండా ప్రతి ఆదివారం డుమ్మా. మిగతా రోజుల్లో బడిలో కనిపిస్తాడు, చురుగ్గా ఉంటాడు, ఆదివారం ఉదయం క్లాసుకు మాత్రం రాడు. మూడు వారాలు చూసి, అందరి ముందు నిలబెట్టి, "ఉచితంగా చెప్తే ఇంతేరా. డబ్బులు కట్టి ఉంటే వచ్చేవాడివి" అన్నాను. తల వంచుకున్నాడు తప్ప బదులు చెప్పలేదు. ఈ ప్రశ్నలో ఉన్న మాటనే నేనూ అచ్చంగా అన్నాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తర్వాతి ఆదివారం క్లాసు ముగిశాక క్షవరానికి వెళ్లాను. మామూలుగా వెళ్లే చోట జనం ఎక్కువగా ఉంటే రెండు వీధులు దాటి ఇంకో సెలూన్‌కు వెళ్లాను. అక్కడ మావాడే. కుర్చీ కింద పడ్డ వెంట్రుకలు ఊడుస్తూ, నన్ను చూసి చీపురు వెనక్కి దాచుకున్నాడు. వాళ్ల నాన్న ఒక్కడే పని చేస్తున్నాడు, బెంచీ మీద ఏడుగురు ఎదురుచూస్తున్నారు. ఆదివారమే వాళ్లకు బేరం. ఆ రోజు పిల్లవాడు లేకపోతే మనిషిని పెట్టుకోవాలి.

నా వంతు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఊరికే కూర్చోవడం ఎందుకని, "టైమ్ ఎంతరా?" అని అడిగాను. గడియారం వాడి వెనక గోడ మీద ఉంది. వాడు వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఉన్న అద్దంలోకి ఒక్కసారి చూసి, "పదకొండుంబావు సార్" అన్నాడు. నేను అద్దంలో చూస్తే పన్నెండు ముప్పావులా ఉంది.

ఎన్‌ఎంఎంఎస్‌లో మానసిక సామర్థ్యం పేపర్ ఒకటి ఉంటుంది, 90 ప్రశ్నలు. అందులో అద్దంలో గడియారం లెక్క ఇష్టంగా అడుగుతారు. 11:60 నుంచి అద్దంలో కనిపించే సమయం తీసేయాలని (పన్నెండు గంటలైతే సున్నాగా తీసుకుని) నేను బోర్డు మీద సూత్రం రాసి, పిల్లల చేత వల్లె వేయించేవాణ్ని. ఈ పిల్లవాడికి సూత్రం తెలియదు. ఎలా చెప్పావురా అంటే, "అద్దంలో నాలుగున్నర కనిపిస్తే ఏడున్నర సార్. కొట్టు వదిలి బడికి తయారవ్వాలి. అలా అలవాటు" అన్నాడు. ఎదుటి టీ కొట్టు బోర్డు, రోడ్డు మీద పోయే ఆటోల వెనక రాతలు, అన్నీ వాడు చిన్నప్పటి నుంచి అద్దంలోనే చదువుతున్నాడు. 108 వాహనం ముందు అక్షరాలు ఎందుకు తిరగేసి ఉంటాయో అప్పటికప్పుడు నాకే వివరించాడు. నీటిలో ప్రతిబింబం అడిగితే మాత్రం తప్పు చెప్పాడు. సెలూన్‌లో చెరువు లేదు కదా.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. మానసిక సామర్థ్యం అనేది పుట్టుకతో వచ్చే తెలివి అని ఆ పరీక్ష పేరే అబద్ధం చెప్తుంది. అది ఆ రకం ప్రశ్నను ఇంతకు ముందు చూశావా, లేదా అన్న పరీక్ష. ఇరవైసార్లు చూసినవాడు చేస్తాడు, మొదటిసారి చూసినవాడు బిత్తరపోతాడు. పెద్ద ఫీజులు తీసుకునేవాళ్లు అమ్ముతున్నది ఆ ఇరవైసార్లే. దీనికి మహా విద్య ఏమీ అక్కర్లేదు, పాత ప్రశ్నపత్రాలు, ఒక మనిషి, నాలుగు నెలల ఓపిక ఉంటే చాలు.

క్షవరం అయ్యాక వాళ్ల నాన్నతో మాట్లాడాను. మంగళవారం కొట్టు మూసేస్తారు, ఆ సాయంత్రం పంపుతానన్నాడు. నేను ఆదివారం క్లాసును మంగళవారం సాయంత్రానికి మార్చాను. అలా మారిస్తే ఇంకో నలుగురు పిల్లలు క్రమంగా రావడం మొదలుపెట్టారు. వాళ్లకూ ఆదివారాలు ఇళ్లలో పనులే, అన్నాళ్లూ ఎవరూ నాతో అనలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం క్లాసుతో ఇంకొకటి తెలిసింది. మధ్యాహ్న భోజనం తర్వాత ఏమీ తినని పిల్లవాడు ఆరు గంటలకు అంకెల శ్రేణులు పూరించలేడు. మా ఆవిడ బొరుగుల్లో వేరుశనగలు కలిపి పెట్టేది. దాతలను సాయం అడిగితే ఎవరూ బొరుగులు ఇవ్వరు. నోటు పుస్తకాలు ఇస్తారు, పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటో తీసుకుంటారు. ఒక పెద్దమనిషి తన కొడుకు వాడేసిన గైడ్లు రెండు సంచుల నిండా పంపాడు. ప్రతి ప్రశ్నకూ జవాబు పెన్నుతో టిక్కు పెట్టి ఉంది! అవి చూసి సాధన ఎలా చేస్తారు?

పిల్లవాడు పరీక్ష నెగ్గాడు. అసలు కష్టం అక్కడ మొదలైంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బడి రికార్డులో ఒక్క పొడి అక్షరమే ఉంది, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరే లేదు. ఈ మూడూ ఒకటేనని ఒప్పించడానికి వాళ్ల నాన్న మూడు పని దినాలు కొట్టు మూసి తిరిగాడు. ఒక కౌంటర్‌లో ఆధార్ మార్చుకుని రమ్మన్నారు, ఇంకో కౌంటర్‌లో బడి నుంచి ఉత్తరం తెమ్మన్నారు. తొమ్మిదో తరగతి డబ్బు వాడు పదిలోకి వచ్చాక పడింది. పది తర్వాత వాడు పాలిటెక్నిక్‌లో చేరాడు. ఈ స్కాలర్‌షిప్ ఇంటర్‌కే తప్ప డిప్లొమాకు ఇవ్వరు, దాంతో మిగతా రెండేళ్ల డబ్బు ఆగిపోయింది. త్వరగా పనిలో చేరాల్సిన పిల్లవాడే కదా డిప్లొమాకు వెళ్లేది! ఆ నియమం ఎవరికి తట్టిందో గానీ వాళ్ల ఇంట్లో డిప్లొమా చదివినవాళ్లు ఉండి ఉండరు.

అందుకని మీరు కోచింగ్ మొదలుపెడితే, ఫీజు సంగతి పక్కన పెట్టి, జూన్‌లోనే ఒక్కొక్కరి ఆధార్, బడి రికార్డు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఆదాయ ధ్రువపత్రానికి అప్పుడే దరఖాస్తు చేయించండి. ఆదాయ పరిమితి ఆ రోజుల్లో ఏడాదికి లక్షన్నర, ఇప్పుడు మూడున్నర లక్షలు. కాబట్టి అర్హులు చాలామందే ఉంటారు. పిల్లవాడు రాకపోతే నాలాగా అందరి ముందు నిలబెట్టకండి, వాళ్ల ఇంటికి వెళ్లండి.

మా క్లాసు ఇప్పటికీ మంగళవారమే. సెలూన్‌కు కొత్త అద్దాలు పెట్టించినప్పుడు వాళ్ల నాన్న పాతది ఒకటి మా మేడ మీదికి మోసుకొచ్చి ఇచ్చాడు. గడియారం లెక్కలు ఇప్పుడు దాని ముందే చెప్తున్నాను. కింది మూల రసం ఊడిపోయి నాలుగో అంకె పడే చోట ఏమీ కనిపించదు, అందుకని గడియారాన్ని కాస్త ఎడమకు జరిపి పెడతాను.