గుడ్డ సంచి వాడితే పర్యావరణానికి నిజంగా మేలేనా?

ఎన్నిసార్లు వాడతారన్నదే అసలు లెక్క. 2018లో డెన్మార్క్ పర్యావరణ శాఖ నివేదిక ప్రకారం, వాతావరణ మార్పు ఒక్కటే చూసినా నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితేగానీ అక్కడి సూపర్‌మార్కెట్ ప్లాస్టిక్ సంచికి సరితూగదు. ఓజోన్ పొర సహా అన్ని కొలమానాలూ చూస్తే ఏకంగా 7,100 సార్లు! గుంటూరు వైపు పత్తి చేలల్లో ఖాళీ పురుగుమందు డబ్బాలు చూసినవాళ్లకి ఇదేమీ వింత కాదు.

అయితే బయట పారేసే చెత్తని ఆ లెక్కలో కలపలేదు. బెజవాడ కాలవల్లో తేలేవి గుడ్డ సంచులు కావు కదా!

మా ఇంట్లో పెళ్లిళ్లలో ఇచ్చిన సంచులు పాతిక దాకా మూలుగుతున్నాయి. రైతు బజారుకి వెళ్లేది మాత్రం ఒక్కటే, అమ్మ పాత చీరతో కుట్టింది.