వన్యప్రాణుల ఫోటోలను ఆన్‌లైన్‌లో పంచుకునేటప్పుడు ఏయే విషయాలు వెల్లడించాలి, ఏవి వెల్లడించకూడదు?

జంతువు స్వేచ్ఛగా అడవిలో ఉన్నదా, జూలో ఉన్నదా, ఎర వేసి రప్పించినదా అన్నది తప్పక చెప్పాలి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే పోటీలో 2009లో, గేటు మీదుగా దూకుతున్న తోడేలు చిత్రానికి అత్యున్నత బహుమతి దక్కింది. అది బహుశా శిక్షణ పొందిన జంతువేనని న్యాయనిర్ణేతలు భావించడంతో (ఫోటోగ్రాఫర్ దానిని ఖండించినప్పటికీ) 2010లో ఆ బహుమతిని రద్దు చేశారు. నిజానికి జూలో తీసిన ఫోటోలో తప్పేమీ లేదు, దానిని అడవిలో తీసినట్టు నమ్మించడమే అభ్యంతరకరం. ఎడిటింగ్ విషయానికి వస్తే, వెలుగునీడలను సరిచేయడం మామూలే గాని, రెండు చిత్రాలను కలిపినా, అడ్డువచ్చిన కొమ్మను తొలగించినా ఆ సంగతి రాయాలి.

చెప్పకూడనిది ఒక్కటే, అరుదైన ప్రాణి కచ్చితమైన స్థలం. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఆ వివరం ఫోటో ఫైలులోనే నమోదవుతుంది. అది వేటగాళ్లకు దారి చూపవచ్చు, గూటి చుట్టూ జనం మూగితే పక్షి గుడ్లను వదిలి వెళ్లిపోవచ్చు. కనుక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనుగొన్న కలివికోడి వంటి పక్షి కనిపిస్తే, ముందుగా అటవీశాఖకు తెలియజేసి, బహిరంగంగా జిల్లా పేరుతో సరిపెట్టడం మంచిది.