తోలు అంచుల గురించి మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన పర్సు ఫొటోలు చూశాను. కుట్టు చాలా బాగుంది. అంచు రంగు పెచ్చులూడుతోందని టెన్షన్ పడకు. అది రంగు లోపం కాదమ్మా, రంగుకు ముందు చెయ్యాల్సిన పని మిగిలిపోయింది.

ముందు నీ తోలు ఏ రకమో చూసుకో. కోసిన చోట లోపల నీలి బూడిద ఛాయ కనిపిస్తే అది దాదాపుగా క్రోమ్ తోలే, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది. బెరడుతో, కాయలతో పదును చేసిన వెజ్ టాన్ తోలైతే లోపల కూడా లేత గోధుమరంగే ఉంటుంది. తమిళనాడులో తిరుచ్చి, దిండిగల్ వైపు ఈస్ట్ ఇండియా తోలు అనే వెజ్ టాన్ రకానికి పేరు తెచ్చింది మన తంగేడు చెక్క, కరక్కాయలే. ఈ రకం అంచును తడిపి రుద్దితే పోగులు అణిగి నున్నగా మెరుస్తుంది. క్రోమ్ తోలును ఎంత రుద్దినా ఆ మెరుపు నిలవదు, దానికి అంచు మీద పొరలా నిలిచే ఎడ్జ్ పెయింటే దారి.

వెజ్ టాన్ అయితే పొరలు అతికించి, కుట్టాక, పదునైన కత్తితో అంచు సమం చెయ్యి. తర్వాత 220 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 400, 600 దాకా రుద్దు. ఇక్కడే అందరూ తొందరపడతారు. వేలు పెట్టి తడిమితే రెండు పొరల మధ్య గీత తగలకూడదు. తగిలితే మళ్ళీ 220 దగ్గరికే వెళ్ళు. ఆ గీత మీద ఎంత ఖరీదైన రంగు వేసినా వంగిన చోట విడిపోతుంది. అంచు మూలలు బెవెలర్‌తో (మూలను చెక్కే చిన్న పనిముట్టు) సన్నగా తీసి, ఆ చోట మళ్ళీ ఒక్కసారి రుద్దు.

రంగు ఇప్పుడు వెయ్యాలి, చివర్లో మెరుపు కోసం పూసే గమ్‌కూ మైనానికీ ముందు. అవి పూశాక రంగు లోపలికి దిగదు. దూది పుల్లను ముంచి, అదనపు రంగు గుడ్డకు అద్ది, అంచు మధ్య నుంచి వెయ్యి. పుల్ల తడితడిగా ఉంటే రంగు పైముఖానికి పాకుతుంది, పాకిన మరక ఇక పోదు.

నల్ల అంచు కావాలంటే నాకిష్టమైన పద్ధతి ఇంకొకటుంది. వెనిగర్‌లో ఇనుప పీచు వారం రోజులు నానబెట్టి వడగట్టు. గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించకు. ఆ నీరు తగలగానే తోలులోని టానిన్‌తో ఇనుము కలిసి అంచు నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం నీటితో నల్ల గీత తెప్పించేదీ ఈ గుణంతోనే. తోలులోనే పుట్టిన నలుపు కాబట్టి పెచ్చులూడే ప్రశ్నే ఉండదు. తర్వాత కొంచెం వంటసోడా కలిపిన నీటితో తుడిచి, ఆరాక నూనె చుక్క రాయి. క్రోమ్ తోలుకు ఇది పని చెయ్యదు, అందుకే అనుమానం వస్తే తుక్కు ముక్క మీద ఒక చుక్క వేసి చూడు.

రంగు పూర్తిగా ఆరాక ట్రాగకాంత్ గమ్ (ఒక మొక్క జిగురు) పలచగా రాసి, అంచు రుద్దే చెక్క పనిముట్టు స్లికర్‌తో వేడి పుట్టేదాకా రుద్దు. పాత జీన్స్ గుడ్డ కూడా బాగా పనిచేస్తుంది. మోటారుతో తిప్పితే మాత్రం చూసుకో, అంచు మాడిపోతుంది. చివర తేనెమైనం.

ఫొటో చూస్తే నీ పర్సు క్రోమ్‌లాగే ఉంది. దానికి 400 కాగితంతో పాత పెయింటు మొత్తం తీసేసి, కొత్తగా పలచటి పూతలు వెయ్యి. మొదటి పూత పోగుల్లోకి ఇంకిపోతుంది, అది మామూలే. ఆరనిచ్చి, సన్నగా రుద్ది, రెండోది వెయ్యి. మూడు నాలుగు పూతలు పడతాయి. దట్టంగా ఒక్కసారే వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది. వానాకాలంలో పూత పూతకు మధ్య ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి. పెయింటు కింద మైనం మాత్రం ఎక్కడా తగలనివ్వకు.

మీ పెదనాన్న