తేటను నమ్మే ముందు

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పరవాడలో నువ్వు చేరిన ప్రయోగశాలలో మొదటి పనిగా ఒక రసాయనం నీటిలో ఎంత కరుగుతుందో తేల్చమన్నారని, రెండు రోజుల్లో ముగించేస్తానని మొన్న ఫోనులో చెప్పావు. అప్పటి నుంచి ఆ రెండు రోజుల మాటే నా మనసులో తిరుగుతోంది. ఆ పని అంత త్వరగా కాదమ్మా. అయినట్టు కనిపించినా నమ్మకూడదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కర్మాగారంలో ఇదే పరీక్ష చేసి, పొడిని నీటిలో గంటసేపు కుదిపి, వడగట్టి, వచ్చిన అంకెను ఉత్పత్తి విభాగానికి ఇచ్చాను. స్ఫటికాలను కడగడానికి ఎన్ని నీళ్ళు వాడవచ్చో వాళ్ళు ఆ అంకెతోనే లెక్క వేసుకున్నారు. కడిగిన నీటిలో వాళ్ళు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సరుకు కొట్టుకుపోయి వ్యర్థజలాల ట్యాంకులో చేరింది. తరువాత మూడు రోజులు కుదిపి చూస్తే, అసలు విలువ నేనిచ్చినదానికి దాదాపు రెట్టింపు ఉంది. నీళ్ళు తేటగా కనిపించాయి కదా అని కరగడం పూర్తయిందనుకున్నాను. తేటదనం వేరు, నీరు ఇక కరిగించుకోలేనంతగా నిండిపోయే సంతృప్తత వేరు. అడుగున ఉన్న పొడికీ పైనున్న నీటికీ మధ్య, కరిగేదీ తిరిగి విడిపోయేదీ సమానమయ్యే సమతాస్థితి ఏర్పడిందని రుజువైతేనే నీ అంకెకు విలువ ఉంటుంది.

ఆ రుజువు ఎలా రాబట్టాలో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) రసాయన పరీక్షలకు ఇచ్చిన 105వ మార్గదర్శకం స్పష్టంగా చెబుతుంది. ముందుగా సుమారు 0.1 గ్రాము పొడిని మూత ఉన్న 10 మిల్లీలీటర్ల కొలజాడీలో వేసి, స్వేదనజలాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతిసారీ పది నిమిషాలు కుదిపి, ఎక్కడ కరుగుతుందో ఉజ్జాయింపుగా తెలుసుకోవాలి. లీటరుకు 10 మిల్లీగ్రాములకంటే తక్కువ కరిగే పదార్థమైతే ఫ్లాస్కు పద్ధతి పనికిరాదు, పదార్థం పూసిన గుళికలున్న గొట్టం గుండా నీటిని నెమ్మదిగా పంపే కాలమ్ పద్ధతికి వెళ్ళాలి. అంతకంటే ఎక్కువ కరిగేదైతే, ఉజ్జాయింపుగా తేలిన పరిమాణానికి ఐదు రెట్లు పొడిని మూడు ఫ్లాస్కుల్లో వేసి 30 డిగ్రీల దగ్గర కుదపాలి. ఒకదాన్ని ఒక రోజు తరువాత, రెండోదాన్ని రెండు రోజుల తరువాత, మూడోదాన్ని మూడు రోజుల తరువాత 20 డిగ్రీలకు మార్చి, అక్కడ మరో 24 గంటలు అప్పుడప్పుడు కుదుపుతూ ఉంచాలి. చివరి రెండు ఫ్లాస్కుల విలువల మధ్య తేడా 15 శాతానికి మించకపోతే ఫలితం సరైనదే. మూడు విలువలూ వరుసగా పెరుగుతూ పోతే మాత్రం, సగటు తీసి సర్దుకోకుండా, మరింత ఎక్కువ కాలం పెట్టి పరీక్ష మొత్తం మళ్ళీ చెయ్యి. నేనైతే 15 శాతం లోపల ఉన్నా, పెరుగుదల ఒకే దిశలో కనిపిస్తే నాలుగో ఫ్లాస్కు పెట్టేవాణ్ణి.

ముందు 30కి తీసుకువెళ్ళి తరువాత 20కి దించడంలో ఒక ఆలోచన ఉంది. వెచ్చదనంలో చాలా పదార్థాలు త్వరగానూ ఎక్కువగానూ కరుగుతాయి, చల్లబడ్డాక ఎక్కువైనది మళ్ళీ పొడిగా విడిపోతుంది. అయితే అన్ని పదార్థాలూ ఒకేలా నడుచుకోవు. ఉప్పు కరగడంలో వేడికీ చల్లదనానికీ పెద్ద తేడా ఉండదు. తాంబూలానికి రాసుకునే సున్నం వేడి నీటిలో కంటే చల్లటి నీటిలోనే ఎక్కువ కరుగుతుంది. అటువంటి పదార్థానికి 30 డిగ్రీల దశ ముందడుగు కాదు కాబట్టి, 20 దగ్గరే ఎక్కువ రోజులు ఉంచాలి.

మన విశాఖలో దీనికి మరో చిక్కు ఉంది. చల్లటి దేశాల్లో 20 డిగ్రీలంటే ఇంచుమించు గది ఉష్ణోగ్రతే. మనకు వైశాఖమాసంలో గది ముప్పై దాటుతుంది. కాబట్టి ఫ్లాస్కులను కుదిపే నీటితొట్టి, అంటే నీ షేకర్ బాత్‌కు, వేడి చేసే ఏర్పాటు మాత్రమే ఉంటే చాలదు, చల్లబరిచే ఏర్పాటు కూడా ఉండాలి. ఆ ఉష్ణోగ్రతలో తేడా అర డిగ్రీకి మించకూడదు. పొడినీ తేటనూ వేరుచేయడానికి వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ తిరిగేకొద్దీ లోపల వేడెక్కుతుంది, కనుక అది కూడా 20 దగ్గరే నడవాలి. బాత్ నుంచి తీసిన ఫ్లాస్కును బల్ల మీద పెట్టి, టీ తాగి వచ్చి వడగడితే, ఈలోగా వెచ్చబడిన నీటిలో అడుగు పొడి ఇంకొంత కరిగిపోయి ఉంటుంది. పొడి లేకుండా తీసిన ద్రావణాన్ని, అంటే తేటను, వెంటనే తగిన ద్రావణితో పలుచన చేసి ఉంచితే, ఏసీ గదిలో గాఢతను కొలిచే హెచ్.పి.ఎల్.సి. యంత్రపు సీసాలో స్ఫటికాలు పడే ప్రమాదం ఉండదు.

సముద్రపు గాలిలోని తేమ గురించి నువ్వు అడిగావు. అడుగున మిగిలేటంత ఎక్కువ పొడి వేస్తున్నాము కాబట్టి, ఫ్లాస్కులోకి వేసే పొడి తూకంలో కొద్దిపాటి తేడా ఫలితాన్ని మార్చదు. స్టాండర్డు, అంటే పోలికకు వాడే శుద్ధమైన నమూనా, తూకం మాత్రం సరిగ్గా ఉండాలి, ఎందుకంటే తేటలోని గాఢతను దానితోనే పోల్చుతాము. దాన్ని తేమ చేరకుండా ఉంచే డెసికేటర్ పాత్ర నుంచి తీసిన వెంటనే తూచు.

వడపోత విషయంలో, కొన్ని పదార్థాలు ఫిల్టరుకే అంటుకుంటాయి. తెలిసిన గాఢత ఉన్న స్టాండర్డును వడగట్టి ఒకసారి, వడగట్టకుండా ఒకసారి కొలిచి పోల్చు. తేడా ఉంటే వడపోతలో మొదట వచ్చిన కొన్ని మిల్లీలీటర్లు పారబోసి చూడు. అప్పటికీ తేడా ఉంటే ఫిల్టరు మార్చు.

చాలామంది చూడకుండా పారబోసే అడుగు పొడిని నువ్వు దాచిపెట్టాలి. నీరు చేరని థియోఫిలిన్ అనే మందును నీటిలో కుదిపితే అది క్రమంగా మోనోహైడ్రేట్‌గా, అంటే స్ఫటికంలో నీటి అణువు చేరిన రూపంగా, మారుతుంది. అప్పుడు నువ్వు కొలిచేది వేసిన పదార్థపు ద్రావణీయత కాదు, మారిన రూపపు ద్రావణీయత, అది తక్కువ ఉంటుంది. పొడిని ఆరబెట్టకుండా తడిగానే స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో చూస్తే రూపం మారిందో లేదో తెలుస్తుంది. అలాగే పొడి మోతాదును రెట్టింపు చేసి ఒక ఫ్లాస్కు పెట్టు. శుద్ధమైన పదార్థమైతే తేటలోని గాఢత మారకూడదు. మారితే నీ సరుకులో కల్మషం ఉందని అనుమానించాలి.

బలహీనమైన ఆమ్లాలు, క్షారాలు అయితే పరీక్ష చివర తేటలో పీహెచ్ కొలిచి, ఉష్ణోగ్రతతో పాటు ఫలితం పక్కనే రాయి. పీహెచ్ లేని ద్రావణీయతను ఇంకొకరు వాడుకోలేరు.

మూడో ఫ్లాస్కు బయటికి తీసినప్పుడు అడుగున పొడి మిగిలి ఉందో లేదో కంటితో చూసి, ఆ మాట అదే క్షణంలో నోటుబుక్కులో రాసిపెట్టు. మిగలకపోతే ఆ ఫ్లాస్కును లెక్కలోంచి తీసెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య