8332 పోర్టు ఎవరి కోసం?

ప్రశ్న: మాది మధురవాడ. ఇంట్లోని పాత కంప్యూటర్లో బిట్‌కాయిన్ కోర్ నోడ్ (బిట్‌కాయిన్ లావాదేవీల చిట్టాను దాచి, సరిచూసే ప్రోగ్రాము) నడుపుతున్నాను. రుషికొండలోని మా ఆఫీసు నుంచి లాప్‌టాప్‌తో దానికి ఆర్‌పీసీ ఆదేశాలు పంపాలని చూస్తే మొదట కనెక్షన్ కుదరలేదు. మిత్రుడొకరి సలహా మీద కాన్ఫిగరేషన్ ఫైల్లో ‘ఆర్‌పీసీబైండ్’కు 0.0.0.0 అనీ, ‘ఆర్‌పీసీఅలోఐపీ’కి 0.0.0.0/0 అనీ (అంటే ఏ చిరునామా నుంచి వచ్చినా వినమని) రాసి, రౌటర్లో 8332 పోర్టు, అంటే ఆర్‌పీసీ ఆదేశాలు వచ్చే ద్వారం, తెరిచాను. ఇప్పుడు పని చేస్తోంది. పాస్‌వర్డ్ పెట్టాను కనుక ప్రమాదం లేదని ఆయన అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ముందు రౌటర్లో ఆ పోర్టు మూసివేసి వచ్చి, ఆ తరువాత మిగతాది చదవండి.

ఒక ప్రోగ్రాము వేరే చోట నడుస్తున్న మరో ప్రోగ్రాములోని పనిని పేరుతో పిలిచి, చేయించుకొని, ఫలితం అందుకోవడమే రిమోట్ ప్రొసీజర్ కాల్, క్లుప్తంగా ఆర్‌పీసీ. బిట్‌కాయిన్ కోర్‌లో ఈ పిలుపు వెబ్ పేజీలు వాడే హెచ్‌టీటీపీ మీద, జేసన్ అనే అక్షర రూపంలో వెళుతుంది. పని పేరు, దానికి కావలసిన విలువలు, ఏ పిలుపుకు ఏ జవాబు వచ్చిందో పోల్చుకోవడానికి ఒక గుర్తు అందులో ఉంటాయి. ‘గెట్‌బ్లాక్‌హ్యాష్’ అని పిలిచి 0 ఇస్తే, 2009 జనవరి 3 నాటి మొట్టమొదటి బ్లాకు (లావాదేవీల కట్ట) హ్యాష్, అంటే దాని నుంచి లెక్కించిన గుర్తింపు సంఖ్య, వరుసగా పది సున్నాలతో మొదలయ్యేది, తిరిగి వస్తుంది. ఇది ఎవరు అడిగినా మీకు నష్టం లేని ప్రశ్న. కానీ అదే దారిలో ‘స్టాప్’ అని పంపితే నోడ్ ఆగిపోతుంది. వాలెట్ తాళం తీసి ఉన్న సమయంలో ‘సెండ్‌టుఅడ్రస్’ అని పంపితే డబ్బు వెళ్ళిపోతుంది. పాస్‌వర్డ్ సరిగ్గా చెప్పినవారు ఎవరైనా సరే, వేరే కట్టుబాటు ఏదీ పెట్టకపోతే, నోడ్ వారిని యజమానిగానే చూస్తుంది.

ఆ పాస్‌వర్డ్ ఎలా ప్రయాణిస్తోందో గమనిస్తే మీ మిత్రుడి మాటలోని లోపం తెలుస్తుంది. అది ప్రతి పిలుపుతోనూ బేస్64 రూపంలో వెళుతుంది, అది రహస్యలిపి కాదు, ఎవరైనా క్షణంలో తిరిగి చదువుకోగలిగిన రాత. ఒకప్పుడు బిట్‌కాయిన్ కోర్‌లో ఎస్‌ఎస్‌ఎల్, అంటే దారిలో సమాచారాన్ని రహస్యలిపిలో పంపే సదుపాయం, ఉండేది గాని, 2016లో వచ్చిన 0.12 వెర్షన్‌తో దానిని తొలగించారు. అందువల్ల ఆఫీసు వైఫై నుంచి మీ ఇంటి రౌటర్ దాకా మధ్యలో కూర్చొని వినగలిగిన వారెవరికైనా పాస్‌వర్డ్ దొరికిపోతుంది. దొంగిలించే అవకాశం లేని చోట కూడా, ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న ఆర్‌పీసీ పోర్టుల కోసం నిరంతరం వెతుకుతూ, పాస్‌వర్డులు ఒకటొకటిగా ప్రయత్నించే ప్రోగ్రాములు ఉంటాయి.

మొదట కనెక్షన్ కుదరకపోవడం లోపం కాదు. ఏ అమరికా మార్చకపోతే నోడ్ 127.0.0.1 నుంచి, అంటే అదే కంప్యూటర్ నుంచి వచ్చిన పిలుపులను మాత్రమే వింటుంది. తయారుచేసినవారు కావాలనే అలా ఉంచారు. ఇక్కడ 8333, 8332 పోర్టుల తేడా చాలామందికి స్పష్టంగా ఉండదు. ఇతర నోడ్‌లు వచ్చి బ్లాకులు తీసుకువెళ్ళే 8333 వీధి అరుగు వంటిది, దానిని తెరిచి ఉంచితే నెట్‌వర్క్‌కు మేలే. 8332 ఇంట్లోని బీరువా. ఒక్క అంకె తేడాతో రెండింటినీ ఒకేలా తెరవడం నేను తరచుగా చూసే పొరపాటు.

మీ అవసరానికి సరైన మార్గం ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్, అంటే రెండు యంత్రాల మధ్య రహస్యలిపిలో నడిచే దారి. ఇంటి కంప్యూటర్లో ఎస్‌ఎస్‌హెచ్‌ను పాస్‌వర్డ్‌తో కాక తాళంచెవి ఫైలుతో మాత్రమే అనుమతించి, లాప్‌టాప్‌లోని 8332ను ఆ టన్నెల్ ద్వారా ఇంటి కంప్యూటర్‌లోని 127.0.0.1:8332కు కలపండి. లాప్‌టాప్‌లోని మీ ప్రోగ్రాము తన సొంత యంత్రంతోనే మాట్లాడుతున్నాననుకుంటుంది; నోడ్ కూడా అలాగే అనుకుంటుంది; మధ్య దారి మొత్తం గుప్తంగా ఉంటుంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో మీరు చేర్చిన రెండు పంక్తులూ అప్పుడు తీసివేయవచ్చు. పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు ఫైల్లో రాయకుండా, హ్యాష్ మాత్రమే నిలిచే ‘ఆర్‌పీసీఆత్’ పద్ధతి వాడండి. మీ ప్రోగ్రాము బ్లాకుల సంఖ్య చూడడానికే అయితే, ‘ఆర్‌పీసీవైట్‌లిస్ట్’ ద్వారా ఆ యూజర్‌కు ‘గెట్‌బ్లాక్‌కౌంట్’ వంటి రెండు మూడు ఆదేశాలే మిగల్చండి. వాలెట్ అవసరమే లేకపోతే ‘డిజేబుల్‌వాలెట్’ పెట్టడం అన్నిటికన్నా నిశ్చింత.

ఇన్నాళ్ళూ పోర్టు తెరిచి ఉంది కనుక ఇంకొక పని మిగిలింది. పాస్‌వర్డ్ మార్చండి, ఆ నోడ్‌లోని వాలెట్‌లో సొమ్ము ఉంటే, ‘లిస్ట్‌ట్రాన్సాక్షన్స్’ చూసి మీరు చేయని చెల్లింపు ఏదైనా ఉందేమో పరిశీలించి, ఏమీ లేకపోయినా సరే, వేరే యంత్రంలో కొత్తగా సృష్టించిన వాలెట్‌కు ఆ సొమ్ము తరలించండి. వాలెట్ తాళంచెవులు (ప్రైవేట్ కీలు) ఎవరైనా నకలు చేసుకొని ఉంటే అది జాబితాలో కనిపించదు.

ప్రశ్న: గాజువాకలో ఉంటాను. మొన్న కరెంటు పోయి వచ్చాక నోడ్‌కు ఏ ఆదేశం పంపినా -28 అనే ఎర్రర్ వచ్చింది. కాసేపటికి అది పోయింది గాని, ఆ మధ్యాహ్నం వాలెట్‌కు వచ్చిన మొత్తం కనిపించలేదు. డబ్బు పోయిందా?

జవాబు: పోలేదు. -28 అంటే నోడ్ ఇంకా మేలుకుంటోందని అర్థం. బ్లాకుల సూచికను డిస్కు నుంచి చదువుకొని సరిచూసుకునే దాకా అది ఏ పనీ చేయదు. మీ ప్రోగ్రాము ఈ కోడ్ వచ్చినప్పుడు వైఫల్యంగా లెక్కించకుండా, కొంత ఆగి మళ్ళీ అడగాలి. నోడ్‌కు ఆదేశాలు టైపు చేసి పంపే ‘బిట్‌కాయిన్-సీఎల్‌ఐ’ వాడేవారికి ‘ఆర్‌పీసీవెయిట్’ అనే ఐచ్ఛికం ఉంది, అది నోడ్ సిద్ధమయ్యేదాకా తానే వేచి ఉంటుంది.

రెండవ విషయానికి ‘గెట్‌బ్లాక్‌చైన్‌ఇన్ఫో’ అడగండి. జవాబులో ‘బ్లాక్స్’ (నోడ్ సరిచూసి ముగించిన బ్లాకులు), ‘హెడర్స్’ (శీర్షికలు మాత్రం అందిన బ్లాకులతో సహా) అనే రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది రెండవదాని కన్నా తక్కువగా ఉన్నంతసేపూ నోడ్ వెనుకబడి ఉన్నట్టే, ఆ స్థితిలో అది చెప్పే నిల్వ పాత నిల్వే. నోడ్ తన లెక్కల్లో కొంత భాగాన్ని మెమరీలో ఉంచుకొని అప్పుడప్పుడు మాత్రమే డిస్కుకు రాస్తుంది. కరెంటు హఠాత్తుగా పోతే ఆ భాగం పోయి, కొన్ని బ్లాకులను మళ్ళీ పరిశీలించవలసి వస్తుంది. నిల్వ అడిగే ప్రతి ప్రోగ్రామూ ముందుగా ఈ రెండు సంఖ్యలను పోల్చి తీరాలని నా అభిప్రాయం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖకు యూపీఎస్ గురించి వేరే చెప్పనక్కరలేదు. బ్యాటరీ తగ్గగానే ‘స్టాప్’ ఆదేశం తనంతట తాను వెళ్ళేలా అమర్చుకోండి. ఒక జాగ్రత్త: ‘స్టాప్’కు జవాబు వెంటనే వస్తుంది గాని, అప్పటికి నోడ్ ఆగడం మొదలుపెట్టిందంతే. మెమరీలో ఉన్నదంతా డిస్కుకు రాసి ప్రోగ్రాము పూర్తిగా ముగిసేవరకు యంత్రానికి కరెంటు ఉండాలి.

ప్రశ్న: పెదవాల్తేరులో ఉంటున్న ఎంసీఏ విద్యార్థిని. ఆర్‌పీసీ ఇచ్చిన మొత్తాలను పైథాన్‌లో కూడితే చివరి అంకెల్లో తేడా వస్తోంది. నోడ్ తప్పు చెబుతోందా?

జవాబు: నోడ్ చెప్పింది సరైనదే, కూడికలో తేడా వస్తోంది. పైథాన్‌లో 0.1, 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది, దశాంశాలను ఫ్లోట్‌గా, అంటే ఉజ్జాయింపు విలువగా, దాచుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. బిట్‌కాయిన్ కోర్ ఎనిమిది దశాంశ స్థానాలతో మొత్తాలు ఇస్తుంది. జేసన్ చదివేటప్పుడే వాటిని డెసిమల్‌గా (ఉజ్జాయింపు లేని దశాంశంగా) తీసుకొని, 10 కోట్లతో హెచ్చించి, సతోషీలలో (బిట్‌కాయిన్‌లో 10 కోట్ల వంతులలో) పూర్ణాంకాలుగా మార్చిన తరువాతే కూడికలు చేయండి.

మరో క్రిప్టో నెట్‌వర్క్ అయిన ఎథీరియం నోడ్‌తో పని చేసేటప్పుడు ఈ ఇబ్బంది మరో రూపంలో వస్తుంది. అక్కడ నిల్వ వెయ్‌లలో (ఈథర్ అనే నాణెంలో అతి చిన్న ప్రమాణంలో), పదహారు ఆధారంగా గల అంకెలలో, అక్షరాల వరుసగా వస్తుంది. ఒక ఈథర్ అంటే ఒకటి పక్కన 18 సున్నాలున్నన్ని వెయ్‌లు; జావాస్క్రిప్ట్‌లోని మామూలు సంఖ్య ప్రతి పూర్ణాంకాన్నీ తప్పు లేకుండా దాచగలిగే హద్దు 9,007,199,254,740,991 మాత్రమే కనుక, ఒక్క ఈథర్ కూడా ఆ హద్దు దాటిపోతుంది. అక్కడ పెద్ద పూర్ణాంకాల కోసమే ఉన్న బిగ్‌ఇంట్ వాడాలి. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఆ హద్దు లేదు కాబట్టి, వచ్చిన వరుసను 16 ఆధారంతో పూర్ణాంకంగా మార్చుకుంటే సరిపోతుంది.