ఉప్పునీటి అక్వేరియంలో ఏ చేపకు ఏ చేప జత?

ప్రశ్న: సోనాపూర్ దగ్గర మాకు వెనామీ రొయ్యల చెరువులున్నాయి, ఇల్లు బరంపురంలో. పిల్లల సరదా కోసం రెండు నెలల కిందట నాలుగడుగుల ట్యాంకులో సముద్రపు చేపలు పెట్టాం. నీళ్లు గోపాల్‌పూర్ నుంచి తెస్తున్నాం. రెండు క్లౌన్ చేపలు, నాలుగు నీలం డామ్సెల్స్, రెండు ఫైర్‌ఫిష్ ఒకేరోజు వేశాం. ఫైర్‌ఫిష్ రెండూ, ఒక డామ్సెల్ చనిపోయాయి. ఇప్పుడు పెద్ద డామ్సెల్ మిగతావాటిని మేత కూడా తిననివ్వడం లేదు. పిల్లలేమో బ్లూ ట్యాంగ్, లయన్‌ఫిష్ కావాలంటున్నారు. ఏవేవి కలిసి బతుకుతాయి?
– ఒక రైతు, గంజాం జిల్లా, ఒడిశా

జవాబు: ముందు పిల్లలు అడిగిన రెండు చేపల సంగతి చెప్తాను. ఆ రెండూ మీ ట్యాంకుకు పనికిరావు. బ్లూ ట్యాంగ్ దుకాణంలో రెండంగుళాలే ఉంటుంది కానీ పెరిగితే అడుగు దాకా వస్తుంది. రోజంతా ఈదే చేప, దానికి కనీసం ఆరడుగుల ట్యాంకు కావాలి. ఇరుకులో పెడితే టెన్షన్‌తో చేపల తెల్లమచ్చల జబ్బు తెచ్చుకుంటుంది, ఆ జబ్బు మిగతావాటికీ అంటుతుంది. లయన్‌ఫిష్ నోట్లో పట్టే చేప ఏదైనా దానికి మేతే. మీ క్లౌన్ చేపలు ఒక రాత్రికి కనిపించకుండా పోతాయి. పైగా దాని వీపు ముళ్లలో విషం ఉంటుంది. పిల్లలు ట్యాంకులో చెయ్యి పెట్టే ఇంట్లో అది వద్దే వద్దు.

ఇక పెద్ద డామ్సెల్ గురించి. అది చెడ్డ చేపేం కాదు, ముందుగా చోటు పట్టేసిన చేప. మేత వేసే ముందు పది నిమిషాలు ట్యాంకు ఎదురుగా కదలకుండా కూర్చోండి. ఒక రాయి సందు ముందు అది కాపలా తిరుగుతుంటుంది. ఇంకో చేప అటు రాగానే రెక్కలు విప్పి దూసుకొస్తుంది. దెబ్బలు తింటున్న చేప ఫిల్టర్ వెనక, పైమూలలో, రంగు వెలిసిపోయి, రెక్క అంచులు చిరిగి కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఇంకా ఆలస్యం చేయకూడదు. చనిపోయిన ఫైర్‌ఫిష్‌ది కూడా ఇదే కథ అయి ఉండొచ్చు. అది పిరికి చేప. తరిమితే తినడం మానేస్తుంది, లేదా పైకి ఎగిరి బయట పడుతుంది. మా దగ్గర ఒకటి పైపు కోసం వదిలిన రెండు వేళ్ల సందులోంచి దూకి, తెల్లారేసరికి స్టాండ్ వెనక ఎండిపోయి దొరికింది. అప్పటినుంచి వల మూత లేకుండా ఏ ట్యాంకునూ వదలను.

తెల్లవారుజామున లైటు వేయకముందు, చేపలు మందకొడిగా ఉన్నప్పుడు, రాళ్లు తీసి ఆ డామ్సెల్‌ను పట్టుకోండి. మిగిలిన రెండింటినీ కూడా తీసేయమనే నా సలహా. పెద్దది పోతే దాని తర్వాతిది ఆ పెత్తనం అందుకుంటుంది. తీసినవాటిని దుకాణానికే ఇచ్చేయండి, సముద్రంలోగానీ మీ చెరువు కాలువలోగానీ వదలొద్దు. రాళ్లను మునుపటిలా కాకుండా వేరేగా పేర్చండి.

మీది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకుంటే 250 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను 200 లీటర్లు. అందులో ఐదారు చిన్న చేపలకు మించొద్దు. సాధుచేపలు ముందు, కొట్లాట చేపలు చివర అన్నది వరస. మీ క్లౌన్ చేపల జత ఉండనివ్వండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే మంచిది. అవన్నీ మగవిగానే పుట్టి, జతలో పెద్దది ఆడదవుతుంది. రెండూ ఒకే సైజైతే ఎవరు పెద్ద అన్న పోరు కొన్నాళ్లుంటుంది. వేరే జాతి క్లౌన్‌ను కలపొద్దు. వీటికి తోడుగా బంగై కార్డినల్ జత ఒకటి, పసుపు వాచ్‌మన్ గోబీ ఒకటి సరిపోతాయి. గోబీతో పాటు పిస్టల్ రొయ్యను పెడితే మీకు నచ్చుతుంది. రొయ్య బొరియ తవ్వుతుంది, దానికి చూపు సరిగా ఆనదు. మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ తోక ఆడిస్తే చటుక్కున లోపలికి పోతుంది. రొయ్యల రైతు ఇంట్లో అంతకంటే మంచి కాలక్షేపం ఏముంటుంది! డామ్సెల్ కావాలనిపిస్తే పసుపు తోకది ఒక్కటే, అన్నీ కుదురుకున్న నెల తర్వాత.

సోనాపూర్ ఒడ్డున వలలో పడిన పిల్లచేపలను తెచ్చి వేయొద్దు. ఒంటిపై మూడు వంపు చారలుండే చిన్న చేప ముద్దుగానే ఉంటుంది కానీ పక్కచేపల పొలుసులు పీక్కు తింటుంది. సముద్రగుర్రాలు, పగడాలు ఎవరైనా అమ్మజూపినా తీసుకోకండి. అవి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్‌లో 2001 నుంచి ఉన్నాయి. క్లౌన్ చేపలను హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. కాబట్టి హేచరీ చేపలే అడిగి కొనండి, మేతకు త్వరగా అలవాటుపడతాయి.

రోగాలున్నాయేమో చూసే పీసీఆర్ టెస్టు లేకుండా మీరు చెరువులో సీడ్ (రొయ్యపిల్లలు) వదలరు కదా, ఇక్కడా అంతే. కొత్త చేపను వేరే చిన్న ట్యాంకులో మూడు వారాలు ఉంచండి. రాగి మందు వాడాల్సివస్తే అందులోనే వాడాలి, పెద్ద ట్యాంకులో వేస్తే రొయ్య చచ్చిపోతుంది. అక్వేరియానికి వాడిన వల, బకెట్ చెరువు దగ్గరికి తీసుకెళ్లొద్దు, అక్కడివి ఇక్కడికీ తేవద్దు.

నీళ్ల విషయంలో మీకు చెప్పాల్సింది తక్కువే. చెరువు 15 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 15 పాళ్ల ఉప్పు) దగ్గర నడిచినా ఈ చేపలకు 33–35 ఉండాలి. వానల్లో, ఆ తర్వాత కొన్నాళ్లు నదుల నీరు కలిసి మన తీరంలో సెలినిటీ (ఉప్పదనం) పడిపోతుంది. అప్పుడు తెచ్చిన నీటికి అక్వేరియం ఉప్పు కలపాలి, హుమా మడుల్లో పండే మామూలు ఉప్పు కాదు. ఆవిరైన మేరకు మాత్రం మంచినీళ్లే పోయాలి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ రోజుల్లో కరెంటు ఎలా ఉండిందో మీకు తెలుసు. బ్యాటరీ ఏరేటర్ ఒకటి ఇంట్లో ఉంచండి.

డామ్సెల్స్ తీశాక పది రోజులు కొత్త చేపలేవీ తేకండి. నీటి టెస్టులో అమ్మోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు) రెండూ సున్నా చూపిస్తూ, క్లౌన్ చేపలు ట్యాంకంతా తిరుగుతూ తింటుంటే అప్పుడు కార్డినల్ జతను చిన్న ట్యాంకులోకి తెచ్చుకోండి.